నార్కోలెప్సీ వంశపారంపర్యమా?

ప్రశ్న: పదహారేళ్ల మా అబ్బాయి కూర్చున్నచోటే నిద్రలోకి జారిపోతాడు, గట్టిగా నవ్వితే మోకాళ్లు పట్టు తప్పుతాయి. నార్కోలెప్సీ అన్నారు. ఇది వాడి చెల్లెలికీ వస్తుందా? రోగనిరోధక శక్తే దీనికి కారణమంటున్నారు, నిజమేనా?

జవాబు: మీ ఆందోళన సహజమే కానీ, పాపకు వచ్చే అవకాశం తక్కువ. రోగి తోబుట్టువులకు, పిల్లలకు వచ్చే అవకాశం నూటికి 1-2 మాత్రమే.

మీరు చెప్పిన లక్షణాలు మొదటి రకం నార్కోలెప్సీవి. మెదడులోని హైపోథాలమస్‌లో, మెలకువను నిలిపి ఉంచే హైపోక్రెటిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చాలావరకు నశించడమే దీనికి మూలం. ఈ రోగుల్లో నూటికి 90 మందికి పైగా హెచ్‌ఎల్‌ఏ-డీక్యూబీ1*06:02 అనే జన్యురూపం ఉంటుంది. అయితే అదే జన్యురూపం ఆరోగ్యవంతుల్లోనూ ఎందరికో ఉంటుంది, వారిలో అత్యధికులకు ఈ జబ్బు ఎప్పటికీ రాదు. ఒకే రూపు కవలల్లో సైతం ఒకరికి వస్తే రెండోవారికి రాకపోవడమే ఎక్కువ.

హెచ్‌ఎల్‌ఏ జన్యువుల పని ప్రొటీన్ ముక్కలను టీ-కణాలకు (రోగనిరోధక వ్యవస్థ కణాలు) చూపించడం కాబట్టి, ఆ కణాలు పొరపాటున సొంత మెదడు కణాలపైనే దాడికి దిగుతాయన్న అభిప్రాయం బలపడింది. దీనికి ఊతమిచ్చేలా, 2009-10లో పాండెమ్రిక్స్ అనే స్వైన్‌ఫ్లూ టీకా తర్వాత ఫిన్లాండ్, స్వీడన్ పిల్లల్లో కేసులు పెరిగాయి. చైనాలో మాత్రం టీకాతో సంబంధం లేకుండా ఫ్లూ ప్రబలిన తర్వాత పెరిగాయి. ఇతర టీకాలను మానడానికి ఇది కారణం కారాదని గట్టిగా చెబుతున్నాను.

పాపకు జన్యుపరీక్ష అవసరం లేదు. పగటి నిద్ర విపరీతమైతే నిద్ర వైద్యనిపుణులకు చూపించండి.