స్పాన్‌కి (గుడ్డు పగిలి వచ్చిన చిట్టి చేపపిల్లలకి) మొదటి రోజు నుంచే తవుడు వేస్తే ఎందుకు నిలవదు?

కర్నూలు దగ్గర కె.సి. కాలువ నీటితో నర్సరీ గుంట నడిపే రైతు ప్రశ్న ఇది: రోజూ తవుడు, చెనక్కాయ చెక్క పొడి చల్లుతున్నా స్పాన్ ఎందుకు చచ్చిపోతోంది?

కారణాలు చాలా ఉండొచ్చు గానీ, నేను ముందు అనుమానించేది అరుగుదలనే. బొచ్చె, రాగండి పిల్లలు గుడ్డు పగిలాక సుమారు మూడు రోజులు పొట్ట కింది సొన తిత్తి మీదే బతుకుతాయి. అది అయిపోవచ్చే సరికి నోరు తెరుచుకుంటుంది. పేగు మాత్రం ఇంకా పొట్టి గొట్టమే.

ఇక్కడ అసలు సంగతి ఉంది. ఈ చేపలకు పెద్దయినా జీర్ణాశయం ఉండదు. ఆమ్లం లేదు, ప్రోటీన్‌ని అరిగించే పెప్సిన్ అనే ఎంజైమూ లేదు. ప్రోటీన్‌ని విడగొట్టే పని క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్, కైమోట్రిప్సిన్ అనే ఎంజైముల మీదే పడుతుంది. తొలిరోజుల్లో వాటి మోతాదు తక్కువ; పిల్ల ఎదిగి, పేగు పొడవు సాగేకొద్దీ పెరుగుతుంది. తవుడులోని పిండిని అరిగించే అమైలేజ్‌దీ అదే దారి. (కొర్రమీను సంగతి వేరు, దానికి జీర్ణాశయం ఏర్పడుతుంది.)

అందుకే తొలి మేత రోటిఫర్ల లాంటి సూక్ష్మజీవులే కావాలి. మెత్తగా ఉంటాయి, తేలిగ్గా అరుగుతాయి. తినకుండా మిగిలిన పొడి అడుగున కుళ్లి ఆక్సిజన్ లాగేస్తుంది. స్పాన్ వదలకముందే పేడ వేసి ప్లాంక్టన్ (నీటిలో తేలే ఇలాంటి సూక్ష్మజీవులు) పెంచండి. తర్వాత గుడ్డలో జల్లించిన మెత్తటి పొడిని కొద్దికొద్దిగా మొదలుపెట్టండి.