అన్ని కిటికీలకూ డబుల్ గ్లాస్ అక్కర్లేదు

ప్రశ్న: అమలాపురం దగ్గర ఇల్లు కట్టుకుంటున్నామండి. ప్లాస్టరింగ్ నడుస్తోంది. పడకగదులు రెండూ పడమటి వైపు, ఏసీ వాటికే. కిటికీలవాళ్లు ఇంటినిండా యూపీవీసీ స్లైడింగ్, డబుల్ గ్లాస్ వేస్తే వేడి రాదంటున్నారు. వేయించమంటారా?

జవాబు: పడకగదులకు వేయించండి. హాలుకీ వంటగదికీ వద్దు. గాలి కోసం పగలంతా తెరిచి ఉంచే కిటికీకి గాజు ఒకటైనా రెండైనా తేడా ఉండదు. అక్కడ 5 మి.మీ. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన గాజు) చాలు.

పడకగదుల్లోనూ ‘డబుల్’ అన్న మాటకే డబ్బివ్వకండి. మామూలు 6 మి.మీ. గాజు ఒక్కటే ఉంటే ఎండవేడిలో సుమారు 80 శాతం లోపలికొస్తుంది. అలాంటివే రెండు కలిపినా 70 శాతం దాకా వస్తూనే ఉంటుంది. పడమటెండను ఆపేది లో-ఈ సోలార్ కంట్రోల్ పూత, అంటే ఎండవేడిని వెనక్కి కొట్టే సన్నటి లోహపు పూత. 5-12-5 (గాజు, ఖాళీ, గాజు, మి.మీ.లలో) అడగండి. పూత బయటి గాజుకు, ఖాళీ వైపు ముఖాన ఉండాలి. బిగించేటప్పుడు గాజు తిరగబడడం మామూలే. చీకట్లో బయట నిలబడి లైటర్ వెలిగించి చూడండి. నాలుగు ప్రతిబింబాలు కనిపిస్తాయి. మీ వైపు నుంచి రెండోది రంగు మారి ఉంటే సరిగ్గా పెట్టినట్టే. అసలు పడమటి కిటికీపై సన్‌షేడ్ పొట్టిగా ఉంటే ముందు దాని సంగతి చూడండి. అయితే సాయంత్రం ఎండ వాలుగా కొడుతుంది కాబట్టి సన్‌షేడ్ ఒక్కటే సరిపోదు.

టఫెన్డ్ గాజును తయారయ్యాక కోయడం కుదరదు. ప్లాస్టరింగ్, గ్రానైట్ గడప పని పూర్తయ్యాకే కొలతలివ్వండి. ఆ గాజు పగిలితే పలుకులై రాలి కిటికీ ఖాళీ అయిపోతుంది. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమకు వేరే చెప్పాలా! సముద్రపు గాలి తగిలే వైపు లామినేటెడ్ (మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన గాజు) వేయించండి. అది పగిలినా ముక్కలు పొరకే అంటుకుని ఉంటాయి. ఆ వైపు స్లైడింగ్ కన్నా రెక్కల కిటికీ నయం, మూస్తే రబ్బరు నొక్కుకుని జల్లు ఆగుతుంది. గాజు రెక్క బయటికి, దోమల మెష్ రెక్క లోపలికి, గ్రిల్ మధ్యలో ఉండేలా చెప్పండి.

బిగించడానికి న్యూట్రల్ సిలికానే వాడమనండి. వెనిగర్ వాసన కొట్టే రకం సిలికాన్ డబుల్ గ్లాస్ అంచు సీలును తినేస్తుంది. ఏసీ వేసినప్పుడు బయటి ముఖాన చెమ్మ పడితే గుడ్డతో తుడవండి, కంగారేం లేదు. ఏ వైపు తుడిచినా పోని మంచు రెండు గాజుల మధ్య కనిపిస్తే సీలు పోయినట్టే. దానికి మరమ్మతు లేదు, ఆ గాజుల జత మార్చాల్సిందే.

ప్రశ్న: కొత్త స్లైడింగ్ కిటికీ. వాన పడితే కింది గాడి నిండి నీళ్లు గదిలోకి పొర్లుతున్నాయి. సిలికాన్ పూస్తే ఆగుతుందా? (రాజోలు నుంచి)

జవాబు: పూయకండి. ఫ్రేమ్ బయటి ముఖాన, అడుగున నీళ్లు పోయే రంధ్రాలుంటాయి. మేస్త్రి సిమెంటుతోనో పుట్టీతోనో వాటిని మూసేసి ఉంటాడు. సన్నటి తీగతో తెరిచి, గాడిలో చెంబుడు నీళ్లు పోయండి. వెంటనే బయటికి కారిపోవాలి. అప్పటికీ లోపలికొస్తుంటే గడప రాయి వాలు ఇంటి వైపు ఉందేమో లెవెల్ పెట్టి చూడండి.