కిరాయి లెక్క పన్నెండు నెలలకు వేయకండి

ప్రశ్న: మేడం, నేను భూపాలపల్లిలో సింగరేణి కార్మికుణ్ని. వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నాను. ఆ డబ్బుతో హన్మకొండలో నయీంనగర్ వైపు డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ చూశాను. 45 లక్షలు చెబుతున్నారు. నెలకు 14 వేల కిరాయి గ్యారంటీ అంటున్నాడు మీడియేటర్. మా ఇంట్లో ఆమె మాత్రం బ్యాంకులో వేసుకుందాం అంటోంది. కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. మాకు పెన్షన్ ఒక్కటే చాలదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: ముందు ఒక్క మాట చెప్పండి, ఆ కిరాయి గ్యారంటీని మీడియేటర్ కాగితం మీద రాసిస్తాడా? రాసివ్వడు. కాబట్టి దాన్ని పక్కన పెట్టి లెక్క చూద్దాం.

45 లక్షల మీద స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం. అంటే 3,37,500. గ్రిల్స్, ఫ్యాన్లు, గీజరు, కప్‌బోర్డులు లేకుండా ఈ రోజుల్లో ఎవరూ దిగరు. మొత్తం 50 లక్షల దాకా వెళ్తుంది. ఇక రాబడి. కిరాయికి ఉన్నవాళ్లు ఖాళీ చేసి, మళ్లీ ఇంకొకరు వచ్చేసరికి నెల పోతుందనుకోండి. మిగిలిన 11 నెలలకు 1,54,000. అందులో కొత్తవాళ్లను తెచ్చినందుకు మీడియేటర్ కమీషన్, ఇంటి పన్ను, ఖాళీగా ఉన్న నెల మెయింటెనెన్స్, రంగులు, మోటరు రిపేరు కలిపి 34 వేలు తీసేయండి. చేతికొచ్చేది 1,20,000. పెట్టిన డబ్బు మీద రెండున్నర శాతం కూడా కాదు.

రిటైర్ అయినవాళ్లకు పోస్టాఫీసులో, బ్యాంకుల్లో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీం ఉంది. 2023 ఏప్రిల్ నుంచి 8.2 శాతం వడ్డీ ఇస్తున్నారు. ఒకరు 30 లక్షల దాకా వేయొచ్చు. 30 లక్షలకు ఏడాదికి 2,46,000 వస్తుంది, మూడు నెలలకోసారి 61,500 చొప్పున. దాని మీద పన్ను పడుతుంది, నిజమే. కిరాయికి ఆ విషయంలో కొంత మేలు: కట్టిన ఇంటి పన్ను పోను మిగిలిన దాంట్లో 30 శాతం మినహాయింపు ఉంటుంది, రిపేరు బిల్లులు చూపించకుండానే. అంత చేసినా మీ ఇంట్లో ఆమె లెక్కే గెలుస్తుంది.

ధర పెరుగుతుంది కదా అంటారు. పెరిగేది భూమి. బిల్డింగ్ పాతబడుతుంది. ఆ ఫ్లాట్‌కు అన్‌డివైడెడ్ షేర్ కింద, అంటే అపార్ట్‌మెంటు స్థలంలో మీ వాటాగా, ఎన్ని గజాలు రాస్తున్నారో అడిగారా? చాలామంది హాల్లో టైల్స్ చూస్తారు కానీ ఇది చూడరు.

ఇక నయీంనగర్. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. నాలా పనులు జరిగాయి, వంతెన కొత్తగా కట్టారు. అయినా మీరు వానాకాలంలో ఒకసారి వచ్చి చూడండి. సెల్లార్‌లో గోడ మీద నీళ్ల మరక ఎంత ఎత్తున ఉందో చూసి, పక్కనున్న కిరాణా షాపతన్ని అడగండి. ఆయనకు అమ్మకంలో కమీషన్ లేదు.

అసలు నా భయం వేరే. వడ్డేపల్లిలో మా ఇంటి పై పోర్షన్ కిరాయికి ఇస్తాం, మేం కిందే ఉంటాం. అయినా పని తప్పదు. నల్లా రాకపోయినా, సంపు నిండకపోయినా, పై గోడ చెమ్మగిల్లినా మొదటి ఫోన్ నాకే. గృహజ్యోతి వచ్చాక 200 యూనిట్ల ఫ్రీ కరెంటు కోసం ‘మాకు వేరే మీటర్ ఉందా అమ్మా?’ అన్నదే తొలి ప్రశ్న. ఆషాఢంలో ఖాళీ అయిందా, శ్రావణం దాకా టూ-లెట్ బోర్డు వేలాడాల్సిందే. మూఢం కూడా తగిలితే ఇంకా అంతే. స్టూడెంట్లకు ఇస్తే ఏప్రిల్, మే నెలల్లో గది తాళం. ఇదంతా మీరు భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా బస్సెక్కి వచ్చి చూసుకోవాలి. లేదంటే వాచ్‌మన్ చెప్పిందే వేదం. మీ అబ్బాయి చూసుకుంటాడు అనుకోకండి, వాడి ఆఫీసు వాడికి ఉంటుంది.

రిటైర్ అయ్యాక హన్మకొండకే వచ్చి ఉండాలని ఉంటే నా సలహా మారుతుంది. ఫ్లాట్ వద్దు. భీమారం, హసన్‌పర్తి వైపు చిన్న ఇల్లు చూసుకుని కింద మీరుండి పైన కిరాయికివ్వండి, రెండు మీటర్లు పెట్టించండి. రాని పక్షంలో డబ్బు ఆమె చెప్పినట్టే వేయండి. ఏదైనా కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల కాగితాలు), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్), కార్పొరేషన్ పర్మిషన్ ఒక వకీలుకు చూపించాకే అడ్వాన్స్ ఇవ్వండి.

ప్రశ్న: మా పోర్షన్‌లో ఉన్నతను మూడు నెలలుగా కిరాయి ఇవ్వడం లేదు. కరెంటు తీసేస్తే దారికొస్తాడా? 11 నెలల అగ్రిమెంటు అయిపోయి చాలా రోజులైంది.
– గృహిణి, కరీంనగర్

జవాబు: తీయకండమ్మా. కేసు మీ మీదికే తిరుగుతుంది. అగ్రిమెంటు గడువు దాటాక కూడా మీరు కిరాయి తీసుకుంటూ వచ్చి ఉంటే అది నెలవారీ కిరాయి కింద లెక్క. ఖాళీ చేయమని 15 రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అగ్రిమెంటులో వేరే గడువు రాసుకుని ఉంటే అదే వర్తిస్తుంది. వకీలు చేత రాయించి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. ఈలోగా అతను కొంత డబ్బు తెచ్చిస్తే ఏ నెలది ఇస్తున్నాడో రాయించి సంతకం పెట్టించుకోండి. ఊరికే తీసుకుంటే నోటీసు బలం తగ్గుతుంది. కొత్త అగ్రిమెంటు ఏడాదికి మించి రాసుకోవాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అందుకే అందరూ 11 నెలలే రాస్తారు. గడువు తీరగానే మళ్లీ రాసుకోవాలి, అది మాత్రం ఎవరూ చేయరు.