బయోటెక్నాలజీ చదువు, ప్రయోగశాల భయం

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి పూర్తిచేసింది. డిగ్రీలో బయోటెక్నాలజీయే చదువుతానని పట్టుదలగా ఉంది. ఇది జీవశాస్త్రానికి పెట్టిన కొత్త పేరా, లేక వేరే శాస్త్రమా? రోజూ బ్యాక్టీరియాతో, రసాయనాలతో పనిచేయాల్సి ఉంటుందని విని నేనూ, ఆమె తల్లీ ఆందోళన పడుతున్నాం. చేర్పించమంటారా?
– ఒక తండ్రి

జవాబు: మీరు రెండు వేర్వేరు సంగతులు అడిగినట్టు కనిపిస్తున్నా, వాటి జవాబులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. బయోటెక్నాలజీ ఎలా ఎదిగిందో తెలిస్తే, ఆ ప్రయోగశాలల్లో జాగ్రత్తకు అంత ప్రాధాన్యం ఎందుకు వచ్చిందో కూడా అర్థమవుతుంది. అందుకని చేర్పించాలా వద్దా అన్నది కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ శాస్త్రం సంగతి చెబుతాను.

జీవి ఎలా బతుకుతోంది, ఎలా పెరుగుతోంది, దాని లక్షణాలు సంతానానికి ఎలా చేరుతున్నాయి అన్నవి జీవశాస్త్రం వేసుకునే ప్రశ్నలు. ఆ జ్ఞానం సాయంతో జీవుల చేత, జీవకణాల చేత, వాటిలోని ఎంజైముల (రసాయన చర్యలను వేగవంతం చేసే ప్రోటీన్ల) చేత మనకు అవసరమైన పదార్థాలను తయారుచేయించడం బయోటెక్నాలజీ పని. కాబట్టి ఇందులో జీవశాస్త్రం ఎంత ఉంటుందో రసాయనశాస్త్రమూ దాదాపు అంతే ఉంటుంది. గణితం తప్పించుకోవచ్చన్న ఉద్దేశంతో దీన్ని ఎంచుకునే పిల్లలను చాలామందిని చూశాను. ద్రావణాల గాఢత లెక్కకట్టడం, పలుచన చేయడం, ఫలితాలను సాంఖ్యకశాస్త్రంతో పరీక్షించడం మొదటి సంవత్సరం నుంచే ఉంటాయి కనుక మీ అమ్మాయికి ఈ విషయం ఇప్పుడే చెప్పండి.

పిండిని పొంగించడం, పాలను తోడుపెట్టడం, ద్రాక్షరసాన్ని పులియబెట్టడం మనుషులకు వేల ఏళ్లుగా తెలుసు. అయితే ఆ మార్పు వెనుక కంటికి కనిపించని జీవులు ఉన్నాయని 1850లలో లూయీ పాశ్చర్ ప్రయోగాలతో నిరూపించేదాకా, పులియడం ఒక రసాయన చర్య మాత్రమేనని పెద్దపెద్ద శాస్త్రవేత్తలే వాదించారు. బయోటెక్నాలజీ అన్న మాటను 1919లో హంగరీకి చెందిన వ్యవసాయ ఇంజినీరు కార్ల్ ఎరెకీ వాడుకలోకి తెచ్చారు. ఈ మాటను ఒక ఇంజినీరు పుట్టించాడన్నది గుర్తుంచుకోదగిన విషయం. ఎందుకంటే ఈ రంగంలో కనిపెట్టడం ఎంత ముఖ్యమో, కనిపెట్టినదాన్ని పెద్ద ఎత్తున, ప్రతిసారీ ఒకే నాణ్యతతో తయారుచేయడం అంత ముఖ్యం. పెన్సిలిన్ చరిత్ర చూడండి. అలెగ్జాండర్ ఫ్లెమింగ్ దాన్ని 1928లో గుర్తించినా, హోవార్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్ల బృందం దాన్ని శుద్ధిచేసి మందుగా నిరూపించడానికి పదేళ్లకు పైగా పట్టింది. ఆ తర్వాత కూడా ఎక్కువ దిగుబడినిచ్చే బూజును వెతికి, క్రిములు చేరని గాలిని పంపుతూ లోతైన తొట్టెల్లో దాన్ని పెంచే పద్ధతి కుదిరాకే ఆ మందు సామాన్యులకు అందింది. ఆ మేలురకం బూజు దొరికింది ఒక కుళ్లిన కర్బూజా పండు మీద.

ఇక ఈనాటి బయోటెక్నాలజీకి పునాది జన్యువు. 1953లో జన్యువులకు ఆధారమైన డీఎన్ఏ అణువు నిర్మాణం తెలిసింది. ఆ తర్వాత డీఎన్ఏను నిర్దిష్టమైన చోట కత్తిరించే ఎంజైములు బ్యాక్టీరియాలో బయటపడ్డాయి. 1972లో పాల్ బెర్గ్ రెండు వేర్వేరు మూలాల డీఎన్ఏలను జోడించారు. మరుసటి ఏడు స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ అలా జోడించిన డీఎన్ఏను ఈ.కోలి బ్యాక్టీరియాలోకి పంపి, అది తనతోపాటు ఆ జన్యువునూ రెట్టింపు చేసుకుంటూ పోతుందని చూపించారు. మధుమేహ రోగులకు ఇచ్చే ఇన్సులిన్‌ను అప్పటిదాకా పందుల, పశువుల క్లోమగ్రంథుల నుంచి తీసేవారు. 1978లో మానవ ఇన్సులిన్‌ను బ్యాక్టీరియా చేత తయారుచేయించగలిగారు, 1982లో అమెరికాలో దాని అమ్మకానికి అనుమతి లభించింది. ఒక జంతువు అవయవం మీద ఆధారపడిన మందు తొట్టెలో పెరిగే సూక్ష్మజీవి నుంచి రావడం మొదలైంది.

మీ భయానికి సంబంధించిన ఘట్టం సరిగ్గా ఈ కాలంలోనే ఉంది. జంతువుల్లో కణితులు కలిగించగల ఒక వైరస్ డీఎన్ఏను బ్యాక్టీరియాలోకి పంపాలని బెర్గ్ తలపెట్టినప్పుడు, మనిషి పేగుల్లో సహజంగా నివసించే ఈ.కోలి జాతికి చెందిన బ్యాక్టీరియా అలాంటి జన్యువుతో బయటపడితే ఏమవుతుందని తోటి శాస్త్రవేత్తలే నిలదీశారు. ఆయన ఆ ప్రయోగాన్ని ఆపేశారు. 1974లో ఆయనా, మరికొందరు శాస్త్రవేత్తలూ కలిసి, ముప్పు ఎంతో తేలేవరకు కొన్ని రకాల ప్రయోగాలను అందరూ స్వచ్ఛందంగా నిలిపివేయాలని బహిరంగంగా కోరారు. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో సుమారు 140 మంది సమావేశమయ్యారు. వారిలో శాస్త్రవేత్తలతోపాటు న్యాయవాదులు, పాత్రికేయులు కూడా ఉన్నారు. ప్రయోగం ముప్పు ఎంతో దానికి తగిన స్థాయిలో కట్టడి ఉండాలనీ, ప్రయోగశాల బయట బతకలేని బలహీనమైన బ్యాక్టీరియాను వాడాలనీ అక్కడ నిర్ణయించారు. మరుసటి ఏడాది అమెరికాలో మార్గదర్శకాలు వెలువడ్డాయి. ఎవరికీ హాని జరగకముందే, తమ పనిని తామే ఆపుకొని నియమాలు రాసుకున్న శాస్త్రంగా దీన్ని నేను గౌరవిస్తాను. ఆ తర్వాత 1983లో డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతి, 1990 నుంచి 2003 వరకు మనిషి డీఎన్ఏను చదివే మానవ జన్యుపట పథకం, 2012లో క్రిస్పర్‌తో జన్యువులను సవరించే పద్ధతి వచ్చాయి. వీటి గురించి మీ అమ్మాయి తరగతిలో వివరంగా చదువుకుంటుంది.

ఇప్పుడు ప్రయోగశాల. సూక్ష్మజీవులతో పనిచేసే ప్రయోగశాలలను జీవభద్రత పరంగా నాలుగు స్థాయిలుగా విభజిస్తారు. ఆరోగ్యవంతులైన పెద్దవారికి జబ్బు కలిగించవని తెలిసిన జీవులతో చేసే పని మొదటి స్థాయి. ఎబోలా వంటి వైరస్‌లతో చేసే పని నాలుగో స్థాయి. డిగ్రీ విద్యార్థుల పని చాలావరకు మొదటి స్థాయిలోనే, ఈ.కోలిలోని హానిచేయని రకాలతో సాగుతుంది. మీరు ఊహించుకుంటున్న దృశ్యం నాలుగో స్థాయిది. అక్కడికి చేరడానికి ఏళ్ల తరబడి శిక్షణ, ప్రత్యేక అనుమతులు కావాలి.

అలాగని మొదటి స్థాయిలో ప్రమాదం లేదని చెప్పను. అక్కడి ప్రమాదం సూక్ష్మజీవుల కంటే ఎక్కువగా నిప్పు, వేడి, గాజు, విద్యుత్తు, రసాయనాల నుంచి వస్తుంది. బల్ల తుడవడానికి 70 శాతం ఆల్కహాల్ వాడతారు. అది ఆరకముందే పక్కన బర్నర్ వెలిగిస్తే మంట అంటుకుంటుంది. డీఎన్ఏ ముక్కలను వేరుచేసే జెల్ తయారీకి వాడే అగరోజ్‌ను మైక్రోవేవ్‌లో కరిగించి తీయగానే సీసాను కదిలిస్తే, నిశ్చలంగా కనిపించిన ద్రావణం ఒక్కసారిగా పొంగి చేతులు కాలుస్తుంది. నమూనా గొట్టాలను అతివేగంగా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో ఎదురెదురు గొట్టాలు సమాన బరువుతో లేకపోతే యంత్రం అదిరిపోయి దెబ్బతింటుంది. డీఎన్ఏ జెల్‌కు రంగుగా వాడే ఇథీడియం బ్రోమైడ్ జన్యువుల్లో మార్పులు తేగలదు, దాన్ని చూడడానికి వాడే అతినీలలోహిత కాంతి కళ్లకు హాని చేస్తుంది. ఆటోక్లేవ్ 121 డిగ్రీల సెల్సియస్ వద్ద పీడనంతో ఉన్న ఆవిరితో క్రిములను చంపుతుంది కాబట్టి, పీడనం పూర్తిగా తగ్గకముందే దాని మూతపై చెయ్యి వేయకూడదు.

వీటికంటే ప్రమాదకరమైనది తప్పుడు ధీమా అని నా అభిప్రాయం. లామినార్ ఎయిర్‌ఫ్లో పెట్టె ముందు కూర్చున్న విద్యార్థి ఆ గాలి తనను కాపాడుతోందని అనుకుంటాడు. నిజానికి అది శుద్ధిచేసిన గాలిని నమూనా మీదుగా మనిషి వైపే తోస్తుంది. కాబట్టి అది కాపాడేది నమూనాను మాత్రమే. మనిషినీ కాపాడేది బయోసేఫ్టీ క్యాబినెట్. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి. చేతి తొడుగుల విషయమూ ఇంతే. 1996లో అమెరికాకు చెందిన రసాయన శాస్త్రవేత్త కరెన్ వెటర్‌హాన్ అప్పటికి తెలిసిన జాగ్రత్తలు తీసుకునే పనిచేస్తుండగా, డైమిథైల్ మెర్క్యురీ అనే అతి విషపూరితమైన పాదరస సమ్మేళనం చుక్కలు కొన్ని ఆమె రబ్బరు తొడుగు మీద పడి, దానిలోంచి చర్మంలోకి ఇంకిపోయాయి. ఆమె మరుసటి ఏడాది మరణించారు. అలాంటి రసాయనం డిగ్రీ విద్యార్థి చేతికి రాదు గానీ, ఏ పదార్థానికి ఏ తొడుగు పనికొస్తుందో చూసుకోవడం, తొడుగులతోనే తలుపు పిడిని, ఫోన్‌ను ముట్టుకోకపోవడం, బయటికి వచ్చేముందు చేతులు కడుక్కోవడం మొదటి రోజే అలవాటు కావాలి. ఒకప్పుడు ద్రవాలను నోటితో పీల్చి పిపెట్లలోకి (ద్రవాలను కొలిచి తీసే సన్నని గొట్టాల్లోకి) ఎక్కించేవారు. అలా జబ్బుపడినవారు ఉన్నందువల్లే ఇప్పుడు అది పూర్తిగా నిషిద్ధం.

ఇక మీ అసలు ప్రశ్న. భయం ఒక్కటే అడ్డయితే నిస్సంకోచంగా చేర్పించండి. అయితే ముందు మీ అమ్మాయి స్వభావాన్ని గమనించండి. ఒకే పనిని పదిసార్లు అదే శ్రద్ధతో చేయగలదా, తప్పు జరిగితే దాచకుండా చెప్పగలదా, ఫలితం రాని రోజున కూడా చేసినదంతా నోటుపుస్తకంలో రాసిపెట్టగలదా అన్నవి మార్కుల కంటే ముఖ్యం. పరిశోధన వైపు వెళ్లాలంటే డిగ్రీతో సరిపోదు, పీజీ, ఆపైన పీహెచ్‌డీ చేయాల్సి ఉంటుంది. డిగ్రీతోనే ఉద్యోగం కావాలంటే మందుల, ఆహార పదార్థాల ఉత్పత్తి, నాణ్యత పరీక్షల వంటి చోట్ల ప్రవేశస్థాయి అవకాశాలు ఉంటాయి. అంత కాలం చదవడానికి ఆమె సిద్ధంగా ఉందో లేదో ఇప్పుడే మాట్లాడుకోండి.

కళాశాలను ఎంచుకునేటప్పుడు ప్రయోగశాలను స్వయంగా చూడనివ్వమని అడగండి. విద్యార్థులు ప్రయోగాలు తమ చేతులతో చేస్తున్నారా, దూరం నుంచి చూస్తున్నారా, మొదటి ప్రయోగానికి ముందు భద్రతా శిక్షణ ఇస్తారా, కళ్లు కడుక్కునే కుళాయి పనిచేస్తోందా, అత్యవసర ద్వారానికి అడ్డంగా పెట్టెలు పేర్చి ఉన్నాయా అన్నవి చూడండి. పగిలిన గాజును, వాడిన సూదులను, బ్యాక్టీరియా పెరిగిన పళ్లేలను వేర్వేరుగా ఎక్కడ పడేస్తారో అక్కడి విద్యార్థి ఒకరిని అడగండి. ఆ విద్యార్థి తడుముకోకుండా చెప్పగలిగితే ఆ కళాశాలను మీ జాబితాలో ముందుంచుకోవచ్చు.