అమెరికా ఎన్నికల వార్తల్లో 'క్రైస్తవ ఛాందసులు' అనవచ్చా?

సందేహం: అమెరికా ఎన్నికల వార్తల్లో ఒకరు 'క్రైస్తవ ఛాందసులు' అని రాస్తారు, ఇంకొకరు 'మౌలికవాదులు', మరొకరు 'సువార్తికులు'. ఒకచోట 'పునర్జన్మ పొందిన క్రైస్తవులు' అని కూడా చూశాను. వీళ్లంతా ఒకరేనా? ఏది రాయాలి?

సమాధానం: ఒకరు కాదండీ. ఇక్కడ మాట తప్పితే ఆ దేశపు రాజకీయం కూడా తప్పుగా అర్థమవుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఛాందసుడి సంగతి. ఛందస్సు అంటే వేదం, వేదం చదువుకున్నవాడు ఛాందసుడు. చదువే లోకంగా బతికేవాడికి బయటి వ్యవహారం తెలియదని మనవాళ్లు అనుకోవడంతో, పాతకాలపు పట్టింపులున్నవాడు, లౌక్యం తెలియనివాడు అనే అర్థాలు వచ్చి చేరాయి. చాదస్తం కూడా దీన్నుంచి వచ్చినదే. 'ఆయనదంతా చాదస్తం, పట్టించుకోకు' అంటాం చూడండి. అమెరికాలో ఎన్నికల తీరునే మార్చిన మనుషులకు ఈ మాట తగిలించడం నాకు అస్సలు నచ్చదు. వాళ్ల నమ్మకాలతో మీకు పేచీ ఉండొచ్చు, నాకూ ఉంది, కానీ లౌక్యం తెలియనివాళ్లు మాత్రం కానే కారు.

వాళ్ల లౌక్యానికి ఒక ఉదాహరణ చూడండి. 1988లో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడి ఓడిన టీవీ బోధకుడు పాట్ రాబర్ట్‌సన్, మరుసటి ఏడాది క్రిస్టియన్ కొయలిషన్ అనే సంస్థ పెట్టాడు. ఎన్నికల ముందు ఆదివారం చర్చిల్లో ఆ సంస్థ తరఫున ఒక కాగితం పంచేవారు. ఇద్దరు అభ్యర్థుల పేర్లు పక్కపక్కన, కింద వరసగా అబార్షన్, పన్నులు వంటి అంశాలు, ఒక్కోదానికి ఎదురుగా 'సమర్థిస్తారు' లేదా 'వ్యతిరేకిస్తారు'. ఫలానా ఆయనకు ఓటెయ్యండి అన్న ముక్క ఎక్కడా ఉండేది కాదు, ఎందుకంటే పన్ను మినహాయింపు ఉన్న చర్చిలు అభ్యర్థులను బలపరచకూడదని 1954లోనే చట్టంలో నిబంధన పెట్టారు. కానీ కాగితం చూసినవాడికి ఎవరికెయ్యాలో వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటివి కోట్ల ప్రతులు పంచారు. స్కూల్ బోర్డుల దగ్గర్నుంచి పార్టీ ప్రైమరీల (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల) దాకా, జనం పెద్దగా రాని ఎన్నికల్లో కట్టుగా వచ్చి ఓటేసేవాళ్లదే పైచేయి అని వాళ్లు పసిగట్టారు. అయోవా రాష్ట్రంలో రిపబ్లికన్ కాకస్‌లో, అంటే అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి పార్టీవాళ్లు జరిపే సమావేశాల్లో, 2008లో హకబీ, 2012లో శాంటోరం, 2016లో క్రూజ్ గెలవడానికి ఆ ఓట్లే పెద్ద బలం. ముగ్గురిలో ఎవరికీ చివరికి పార్టీ టికెట్ దక్కలేదు, అది వేరే సంగతి.

మౌలికవాదులు అన్నది కొంత నయం, ఇంగ్లిష్‌లో 'ఫండమెంటలిస్ట్' అన్న మాట పుట్టుకకు దగ్గరగా ఉంది. 1910-15 మధ్య 'ది ఫండమెంటల్స్' పేరుతో 12 సంపుటాలు వెలువడ్డాయి, చమురు వ్యాపారి లైమన్ స్టూవర్ట్ డబ్బుతో, పాస్టర్లకు ఉచితంగా పంచడానికి. బైబిల్లో తప్పుండదు, క్రీస్తు కన్యకు పుట్టడం, చనిపోయి లేవడం నిజంగా జరిగాయి, వీటిని వదులుకోకూడదు అన్నది వాటి సారం. 1920లో ఒక బాప్టిస్టు పత్రిక సంపాదకుడు ఈ పక్షంవాళ్లకు ఫండమెంటలిస్టులని పేరు పెట్టాడు, అదీ గౌరవంగానే. తర్వాత వాళ్లలో చాలామంది రాజకీయాలకు దూరంగానే ఉన్నారు. జెర్రీ ఫాల్వెల్ అనే బాప్టిస్టు పాస్టర్ 1965లో, పౌరహక్కుల ఉద్యమంలో నడిచిన పాస్టర్లను తప్పుపడుతూ, బోధకుడి పని రాజకీయం కాదు, ఆత్మల రక్షణ అని ప్రసంగించాడు. ఆయనే 1979లో మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థ పెట్టి, మరుసటి ఏడాది రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి రీగన్ గెలుపు కోసం పనిచేశాడు. వీళ్లు రాజకీయాల్లోకి దిగిందంతా అబార్షన్‌ను ఆపడం కోసమే అంటారు గానీ, నల్లజాతి పిల్లలను చేర్చుకోని క్రైస్తవ విద్యాసంస్థలకు ప్రభుత్వం పన్ను మినహాయింపు తీసేసినప్పుడు రగిలిన కోపాన్ని మరవకూడదు. సదరన్ బాప్టిస్టులైతే (అమెరికాలో ఒక పెద్ద ప్రొటెస్టెంట్ శాఖ) 1971లో కొన్ని పరిస్థితుల్లో అబార్షన్‌కు వీలుండాలని తీర్మానం చేసినవాళ్లే.

సువార్తికులు బొత్తిగా కుదరదు. మన బైబిల్లో సువార్తికుడంటే సువార్త ప్రకటించే పనిలో ఉన్నవాడు, ఫిలిప్పులాగా. వార్తల్లో చెప్పేది ఇవాంజెలికల్స్ గురించి, అంటే బైబిలే ప్రమాణం, క్రీస్తును ఎవరికి వారు సొంతంగా నమ్మాలి అనే విశ్వాస ధోరణికి చెందిన మామూలు జనం. ఫండమెంటలిస్టుల కంటే ఇది చాలా పెద్ద సమూహం. నల్లజాతి క్రైస్తవుల్లో చాలామంది విశ్వాసం దాదాపు ఇదే, ఓటు మాత్రం అత్యధికంగా డెమోక్రాట్లకు. 2016, 2020, 2024 ఎన్నికల్లో పదిమందిలో ఇంచుమించు ఎనిమిదిమంది ట్రంప్‌కు ఓటేసింది తెల్లజాతి ఇవాంజెలికల్స్. అనువాదంలో ఆ 'తెల్లజాతి' ఎగిరిపోతే వార్తే అబద్ధమైపోతుంది. కాబట్టి ఇవాంజెలికల్ అని అలాగే రాయండి, మనవాళ్లకు అలవాటవుతుంది. ఫండమెంటలిస్టులను మౌలికవాదులు అనండి. సంస్థలూ నాయకులూ కలిసిన రాజకీయ కూటమి అయితే 'రైట్‌వింగ్ క్రైస్తవ సంఘాలు' మేలు, అందులో క్యాథలిక్కులూ ఉన్నారు. 'మితవాదులు' అనకండి, ఆ మాటకు మెతకవాళ్లనే అర్థం కూడా ఉంది.

ఇక 'పునర్జన్మ' అంటే మనకు చచ్చి మళ్లీ పుట్టడం. వాళ్లు చెప్పుకునేది యోహాను సువార్త మూడో అధ్యాయంలో యేసు నీకొదేముతో అన్నమాట, 'క్రొత్తగా జన్మించితేనే గాని' అని మన బైబిల్లో ఉంది. 1976లో అధ్యక్ష పదవికి పోటీచేసిన డెమోక్రాట్ జిమ్మీ కార్టర్ తాను అలాంటి క్రైస్తవుణ్ణని చెప్పుకుంటే అమెరికా విలేకరులే కొందరు దాని అర్థం వెతుక్కున్నారు. 'తిరిగి జన్మించిన క్రైస్తవులు' అని రాయండి, మన చర్చిల్లో అనేది అదే. మిగతా పాఠకుల కోసం, క్రీస్తును సొంతంగా నమ్మి కొత్త జీవితం మొదలుపెట్టామని చెప్పుకునేవాళ్లు అని మొదటిసారి వచ్చినచోట ఒక్క ముక్క కలిపితే చాలు.