ఈ సీన్లో నిర్ణయం ఎవరిది?

తమ్ముడూ,

నీ సినిమా కథ వన్‌లైన్ ఆర్డర్, అదే సీనుకి ఒక్కో వాక్యం చొప్పున రాసిన వరస, చదివాను. కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్ నడుపుకునే దుర్గ బాగుంది. చీకటితోనే కూరగాయల బేరం, మధ్యాహ్నం హాస్టల్ కుర్రాళ్ల హడావిడి, సాయంత్రం మిగిలిపోయిన పప్పు ఏం చెయ్యాలన్న దిగులు, ఇవన్నీ చూసి రాసినట్టే ఉన్నాయి. ఇప్పుడు ఒక ఎర్ర పెన్ను తీసుకో. నీ 72 సీన్లలో ప్రతిదాని పక్కనా ఒక పేరు రాయి: ఇక్కడ నిర్ణయం తీసుకున్నది ఎవరు? ఎవరు మాట్లాడారు, ఎవరు ఏడ్చారు అన్నది లెక్కలోకి రాదు. ఇంటర్వెల్ దాకా దుర్గ పేరు అక్కడక్కడా పడుతుంది. ఆ తర్వాత వరసపెట్టి లాయర్ కుర్రాడి పేరే. అతను స్టేషన్ లోపల వాదిస్తుంటాడు, ఆవిడ బయట బెంచీ మీద కూర్చుని ఉంటుంది. పోస్టర్ ఆవిడది, సెకండాఫ్ అతనిది.

ఇలా అవడానికి కారణం హీరో మీద నీకున్న మోజు కాదు. ఆవిడకి నువ్విచ్చిన సమస్యలోనే ఉంది చిక్కంతా. రౌడీలు వచ్చి షాపు ఖాళీ చెయ్యమన్నారు. ఆ ముడి విప్పాలంటే పిడికిలైనా ఉండాలి, నల్లకోటైనా ఉండాలి. దుర్గ దగ్గర రెండూ లేవు కనుక కథ తనంతట తానే ఇంకొకరిని వెతుక్కుంటుంది. సమస్య ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, దాని ఒక కొస మాత్రం ఆవిడ చేతికి అందాలి. వీలైతే ఆ ముడి వెయ్యడంలో ఆవిడ చెయ్యి కూడా కొంత ఉండాలి.

ఉదాహరణకి, షాపులో వాడుతున్నది 19 కిలోల కమర్షియల్ సిలిండర్ కాదనుకో. ఇంటికి వచ్చే 14.2 కిలోల సిలిండర్లే పొయ్యికి తగిలించి నెట్టుకొస్తోంది. అది తప్పని ఆవిడకి తెలుసు. మరిదికీ తెలుసు, షాపు మీద అతనికి కన్నుంది. ఇప్పుడు అతని నుంచి బెదిరింపు వచ్చినా ఆవిడ కంప్లయింట్ ఇవ్వడానికి వీల్లేదు, ఇస్తే ముందు తన గుట్టే బయటపడుతుంది. మిగిలిన దారులు మూడు. మరిదికి వాటా రాసివ్వడం, నాలుగు రోజులు షాపు మూసి హాస్టల్ గిరాకీ పోగొట్టుకోవడం, లేదా కూతురి ఇంజినీరింగ్ ఫీజు కోసం దాచుకున్న 2 లక్షల చిట్టీని 50 వేలు నష్టానికి ఇప్పుడే పాడుకుని షాపుని సక్రమంగా పెట్టుకోవడం. ఆవిడ చిట్టీ పాడుతుంది. ఆ సీను నువ్వు రాయక తప్పదు, ఎందుకంటే ఆ వెంటనే కూతురికి చెప్పాల్సిన సీను వస్తుంది. ఆ అమ్మాయి నెల రోజులు తల్లితో మాట్లాడకపోతే ఇంకొకటి. లాయర్ కుర్రాణ్ణి తీసెయ్యమనను. సలహా ఇవ్వనీ. ఆవిడ ఆ సలహా వినకపోతే ఇంకా మంచిది.

గమనించావా, మూడు దారుల్లోనూ ఏదో ఒకటి పోతుంది. ఒక దారిలో ఏమీ పోకపోతే అది నిర్ణయం కాదు, లెక్క. ప్రేక్షకుడు ఆవిడకంటే ముందే ఆ దారి చూసేసి, ఇంకా తేల్చుకోదేమిటని విసుక్కుంటాడు.

నీ నాయికకి కోపం లేదు. రోజుకి పద్నాలుగు గంటలు పొయ్యి దగ్గర నిలబడే మనిషి అందరితోనూ తియ్యగా మాట్లాడుతోంది. సానుభూతి పోతుందని భయపడ్డావు కాబోలు. 1955 నాటి ‘మిస్సమ్మ’లో మేరీ సినిమాలో సగం సేపు చిరాకు పడుతూనే ఉంటుంది. ఆ చిరాకుని జనం మెచ్చుకున్నారు, ఎందుకంటే తండ్రి చేసిన అప్పు, ఉద్యోగం కోసం పెళ్లయినట్టు నటించాల్సి రావడం, రెండూ మనకి ముందే తెలుసు. కారణం తెలిస్తే కోపాన్ని క్షమిస్తారు. కారణం దాచిపెట్టి ఫ్లాష్‌బ్యాక్‌లో చెబుదామనుకుంటే అప్పటికే ఆమె మీద మనసు విరిగిపోతుంది.

ఫ్లాష్‌బ్యాక్ అన్నాను కనుక ఇదీ చెప్పాలి. పదిహేడో సీన్లో దుర్గ మీద జరిగిన దాడి తీసెయ్. ఆడమనిషి కదలాలంటే ముందు ఆమె ఒంటి మీద చెయ్యి పడాలన్న అలవాటు మన కథలకి బాగా ముదిరింది. దానికి మూలంగా ‘ప్రతిఘటన’ని చూపిస్తారు గానీ 1985 నాటి ఆ సినిమాలో వరస వేరు. లెక్చరర్ అయిన ఝాన్సీ, ఒక హత్యకి సాక్ష్యం చెప్పడానికి తనంత తాను ముందుకొచ్చాకే ఆమెకి ఆ అవమానం జరుగుతుంది. అంటే నిర్ణయం ముందు, దెబ్బ తర్వాత. తర్వాత అనుకరించినవాళ్లు ఆ మొదటి మెట్టు వదిలేసి దెబ్బతోనే మొదలుపెట్టారు. అప్పుడామె బాధితురాలిగా వస్తుంది, చివర్లో కత్తి పట్టుకున్నా బాధితురాలిగానే వెళ్తుంది.

సీరియల్‌కి కూడా ఇదే కథ పంపుతానన్నావు. అక్కడ లెక్క మారుతుంది. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా నీకు మిగిలేది 22 నిమిషాల లోపు, వారానికి అయిదారు ఎపిసోడ్లు. ఇంత మేత రోజూ కావాలి కనుక రచయిత పథకాలన్నీ విలన్‌కి ఇచ్చేస్తాడు. అత్తో తోడికోడలో పన్నాగం పన్నుతుంది, నాయిక దేవుడి గదిలో దణ్ణం పెట్టుకుంటుంది. కొన్ని నెలలు తిరిగేసరికి విలన్ వేసిన నటి మీదే అందరి కళ్లూ ఉంటాయి. ఉండవా మరి? పని చేస్తున్నది ఆవిడే కదా. అందుకని వారానికొక పథకం నాయికకి కూడా రాయి. అది బెడిసికొట్టినా సరే, ఆ బెడిసికొట్టడమే పై వారానికి కథ.

సీరియల్లో ఇంకో గొయ్యి, మౌనం. నిజం ఒక్క మాటలో చెప్పేస్తే తీరిపోయే గొడవని నాయిక చెప్పకుండా వందల ఎపిసోడ్లు మోస్తుంది. మౌనం ఉండొచ్చు, దానివల్ల ఆమె ఏదో కాపాడుకుంటూ ఉండాలి. చెల్లెలి సంబంధమో, ఇంటి కాగితాలో, తన ఉద్యోగమో. అది ఏమిటో ట్రీట్‌మెంట్‌లో, అంటే డైలాగులు లేకుండా కథంతా విడమరిచి రాసే ప్రతిలో, ఒక్క వాక్యంలో రాసి పెట్టుకో. రాయలేకపోతే ఆ రహస్యం నిలవదు.

డైలాగు వెర్షన్‌కి ఇంకా టైముంది. ఒక్క జాగ్రత్త: దుర్గది మెదక్ వైపు అన్నావు, కోపం వచ్చినప్పుడు మాత్రం గుంటూరు యాస పలుకుతోంది. తల్లితో ఫోన్లో ఒక తీరు, హాస్టల్ కుర్రాళ్లతో ఒక తీరు, మరిది ముందు ఇంకో తీరు మాట్లాడనీ. మరిది అందరి ముందూ ‘వదినా’ అంటూ ఎవరూ లేనప్పుడు పేరు పెట్టి పిలిస్తే, అతని గురించి నువ్వు రాసిన ఒకటిన్నర పేజీ సీను అక్కర్లేదు.

నిర్మాతకి కథ వినిపించే నేరేషన్‌కి వెళ్లినప్పుడు రెండో నిమిషంలోనే అడుగుతారు, ఇందులో హీరో ఎవరని. తడుముకోకు. దుర్గ చిట్టీ పాడే సీను చెప్పెయ్. అక్కడ ఎదుటివాడు తల ఎత్తితే మిగతా కథ మొదటి నుంచి చెప్పు.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య