గ్రూపు నడిపే అమ్మలుకి

చి. అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు. మన పర్లాకిమిడి తెలుగువాళ్ల ఫేస్‌బుక్ గ్రూపుకి అడ్మిన్‌వి అయ్యావని విని సంతోషించాను. అర్ధరాత్రి దాకా కామెంట్లు చూస్తూ కూర్చుంటున్నావని మీ అమ్మ బెంగపడుతోంది.

నువ్వు చేసేది పనే, అమ్మలూ. జీతం రానంత మాత్రాన కాలక్షేపం అయిపోదు. బూతులు తీసేస్తావు, దొంగ ఉద్యోగాల పోస్టులు ఆపుతావు, బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రిలో రక్తం కావాలని ఎవరైనా పెడితే ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కుంటావు. ఆ నమ్మకంతోనే జనం వస్తారు. జనం వస్తేనే కంపెనీకి ప్రకటనల డబ్బు. అమెరికాలో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ వాలంటీర్లు ఇలాంటి పనికే జీతం ఇవ్వాలని 1999లో కోర్టుకెక్కారు. 2010లో కోటిన్నర డాలర్లకు రాజీ కుదిరింది.

అలాగని గ్రూపు మూసేస్తే కంపెనీ దిగొస్తుందనుకోకు. 2023లో రెడిట్ అనే చర్చల సైటు, బయటివాళ్లు చేసిన యాప్‌ల మీద భారీ రుసుము వేసింది. అక్కడ నీలా గ్రూపులు చూసుకునే మోడరేటర్లు చాలామంది తమ పనికి వాడుకునేది ఆ యాప్‌లనే. జూన్‌లో ఎనిమిది వేలకు పైగా సబ్‌రెడిట్లను, అంటే అక్కడి గ్రూపులను, మూసి నిరసన తెలిపారు. తెరవకపోతే మీ స్థానంలో వేరేవాళ్లను పెడతామంది కంపెనీ. చాలా వరకు తెరుచుకున్నాయి. మరుసటి ఏడాది, జనం అక్కడ రాసుకున్న మాటల్నే ఏఐ శిక్షణకు గూగుల్‌కి ఇచ్చింది. ఏడాదికి సుమారు 6 కోట్ల డాలర్ల ఒప్పందమని రాయిటర్స్ రాసింది. రాసినవాళ్లకు పైసా లేదు. నాకైతే కడుపు మండింది.

అందుకే, పోట్లాడే రోజు వచ్చేలోపే లేచి వెళ్లగలిగే వీలు చూసుకో. ఇలాంటి గ్రూపులే నడిచిన యాహూ గ్రూప్స్ 2020లో పూర్తిగా మూతపడింది. అంతకుముందే పాత సందేశాలన్నీ తీసేశారు. ఇష్టపడిన సభ్యుల ఫోన్ నంబర్లు అడిగి రాసిపెట్టుకో. ఆ జాబితా ఇంకో ఇద్దరి దగ్గరా ఉండాలి.

ఒక్కదానివే మొయ్యకు. టెక్కలి నుంచి ఒకరిని, రాయగడ నుంచి ఒకరిని కలుపుకుని వంతులు వేసుకోండి. 1936లో మన ఊరు ఒడిశాలో కలిసిన సంగతి ఎత్తితే చాలు, గొడవ మొదలవుతుంది. ఆ పోస్టులు ఇద్దరు చూశాకే వదలండి, అందులో ఒకరికి ఒడియా బాగా రావాలి. రాత్రి తొమ్మిది దాటాక రక్తం పోస్టులు తప్ప మరేదీ ముట్టుకోవద్దు.

నౌపడా-గుణుపురం చిన్న రైలు ఫోటోలున్నాయి చూడు, వాటిని ఫేస్‌బుక్‌లోనే వదిలెయ్యకు. తీసినవాళ్ల అనుమతితో వికీపీడియా వాళ్ల ఉచిత ఫోటోల ఖజానా వికీమీడియా కామన్స్‌లో పెట్టు. అక్కడి లైసెన్సుతో ఎవరైనా కాపీ చేసి దాచుకోవచ్చు, మనమూ తెచ్చుకోవచ్చు. ముందు ఈ పనే మొదలుపెట్టు. ఏ స్టేషనో, ఏ ఏడాదో చెప్పగలిగినవాళ్లు పెద్దవాళ్లైపోయారు. ఆదివారం రా, నాకు తెలిసిన ఇళ్లకు నేనే తీసుకెళ్తాను.

మీ మావయ్య